చంద్రి చేసిన పని

మన సంఘపు సంచికకు ఏటేట ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరుటయు, మేము రాయలవారి భువనవిజయమును గూర్చియో, త్యాగరాజస్వామి కృతులలోని తెలుగు నుడికారమును గూర్చియో నాలుగు పుటలు నింపి పంపుటయు ఆచారమైపోయినది. ఈ యేడును అట్టి వ్యాసమునకే ఉపక్రమించి రెండు పుటలు వ్రాసితిమి. పిమ్మట వానిని చించివైచి, ఒక చెరసాల దినచర్యను గూర్చి వ్రాయబూనితిమి. ముచ్చటగా చదువుకొను సంచికలో చెరసాల మాట యేల యని కొందరు నొచ్చుకొనవచ్చును. అందుచేత కారణము ముందుగా మనవి చేసికొందుము.

2025 ఆగస్టు మాసమున మన మహదేవపుర పేరు దేశమునందలి పత్రికలన్నిటికి ఎక్కినది. ఈ నియోజకవర్గపు ఓటర్ల జాబితాలో లక్షకు పైగా అక్రమమైన ఓట్లున్నవని లోకసభలోని ప్రతిపక్షనాయకుడు ఆరోపించుటయు, ఎన్నికల సంఘమువారు ఆ ఆరోపణను త్రోసిపుచ్చుటయు పాఠకులెరిగినదే. అందలి సత్యాసత్యములను తేల్చుటకు మేము తగినవారము గాము; ఈ సంచిక తగిన తావును గాదు. కాని ఆ దినములలో మా వీధిలో జరిగిన చిన్న సంగతి యొకటి చెప్పవలసియున్నది.

సాయంకాలము గుడి అరుగుమీద చేరు మా వృద్ధబృందములో నెలదినములు అదే చర్చ. ఒకరు రాజ్యాంగమును, ఒకరు ప్రజాప్రాతినిధ్య చట్టమును, వేరొకరు అమెరికాలోని కుమారుడు ఫోనులో చెప్పిన సంగతులను ఉదాహరించిరి. మేమును మా వంతు ఉదాహరించితిమి. ఈలోగా మా యెదురింటివారి కోడలు, ఉదయము కంపెనీ బస్సెక్కి చీకటిపడినపిదప ఇల్లు చేరు పిల్ల, రెండు ఆదివారములు మా వీధి భాగపు జాబితాను అచ్చు తీయించి, చేత పెన్సిలు పట్టుకొని, ప్రతి గడపయు ఎక్కినది. ఏ గడపలో ఏ భాషయో ఆ భాషలోనే పలుకరించి, మనిషి యున్నాడా, ఇల్లు మారెనా, కాలము చేసెనా యని పేరుపేరునకు గుర్తు పెట్టినది. కాలము చేసినవారి పేర్లు నాలుగు తేలినవి. అందొకటి మూడేండ్ల క్రిందట గతించిన మా అన్నగారిది. ఆ సంగతి తెలుపవలసినవారము మేమే, తెలుపలేదు. ఆ పిల్ల ఫారము మా చేతికిచ్చి, “మామయ్యగారూ, పెద్ద మామయ్యగారి పేరు ఇంకా ఉంది. ఇక్కడ సంతకం పెట్టండి” అన్నది. ఇక చర్చ లేదు.

సంతకము చేయునపుడు మాకు చంద్రి జ్ఞప్తికి వచ్చినది.

చంద్రి యెవరో మన పిన్నలలో పెక్కురకు తెలియకపోవచ్చును. యు. ఆర్. అనంతమూర్తిగారు 1965 లో ప్రకటించిన ‘సంస్కార’ అను కన్నడ నవలలోని పాత్ర ఆమె. ఆ నవలను 1970 లో చలనచిత్రముగా తీసినవారు మన నెల్లూరివారైన తిక్కవరపు పట్టాభిరామరెడ్డిగారు. 1939 లో ‘ఫిడేలు రాగాల డజన్’ అను చిన్న పుస్తకముతో తెలుగు పద్యపు కట్టుబాట్లను గేలిచేసి పండితులను హడలగొట్టిన ‘పఠాభి’ యీయనయే. మదరాసు సెన్సారువారు మొదట ఈ చిత్రమును నిషేధించిరి. పిదప అది విడుదలయై, ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా రాష్ట్రపతి స్వర్ణపతకమును పొందినది. కన్నడ చిత్రమునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. తెలుగు కవి యొకడు కన్నడదేశమున నిలిచి, కన్నడము వారికే ఆ పతకమును సంపాదించిపెట్టుట, రెండు మూడు తరములుగా ఇచట స్థిరపడిన మనవంటివారు చెప్పుకొనదగిన మాట. చెప్పుకొనుచున్నామా? మన సంచికల పాత సంపుటములను తిరుగవేసితిమి. పఠాభిగారి పేరు ఒక్కచోటనైన మా కంటబడలేదు. అందు మా వ్యాసములే ఎక్కువ యుండుటచేత ఈ నేరము మాదే యనవలెను.

కథ కొంచెము చెప్పుకొందము. ఒక అగ్రహారములో నారణప్ప యను ఆచారభ్రష్టుడు ప్లేగు తగిలి మరణించును. అతనికి సంతు లేదు. ఇంట నున్నది చంద్రి, అతడు చేరదీసిన స్త్రీ. ఆ శవమునకు సంస్కారము ఎవరు చేయవలెను? చేసిన కులము చెడునేమో. చేయకున్న బ్రాహ్మణ్యము చెడునేమో. శవము లేచువరకు అగ్రహారములో పొయ్యి వెలుగరాదు. మహాపండితుడగు ప్రాణేశాచార్యులు తాళపత్రములు తిరుగవేయును, దేవుని ముందు కూర్చుండును, మార్గము తోచదు. ఖర్చులకై చంద్రి తన నగలు తీసి ముందు పెట్టును. అంతట ‘ఎవరు చేయవలెను’ అను ప్రశ్న ‘నగలెవరికి చెందవలెను’ అని మారిపోవును. శవము కుళ్ళుచుండును. కడకు చంద్రి, రాత్రివేళ అహ్మద్ బారి యను చేపల వర్తకుని సాయముతో ఆ శవమును తరలించి దహనము చేయించి, తెల్లవారకముందే తన ఊరికి వెడలిపోవును. పండితులకు ఆ సంగతి తెలియదు. శవము లేకపోయినను వారి శాస్త్రచర్చ సాగుచునే యుండును.

ఈ కథలో ఆచార్యుని మనస్సంక్షోభమే ప్రధానమని విమర్శకులందురు. గిరీశ్ కర్నాడుగారు ఆ పాత్రను ధరించిరి. ఆ మాట కాదనము. కాని మేము ఆ చిత్రమును మూడు పర్యాయములు చూచితిమి. మూడవ పర్యాయము మా చూపు చంద్రి మీదనే నిలిచినది. ఆమె మాటలు బహు తక్కువ. అందరును మాటలాడుచుండగా స్తంభమునకొరగి చూచుచుండును. పని చేయవలసివచ్చినపుడు చేయును, అంతే. ఆ పాత్రను ధరించినవారు పఠాభిగారి భార్య స్నేహలతారెడ్డిగారు. మదరాసులో ఆంగ్లనాటకములాడు ‘మదరాసు ప్లేయర్సు’ సమాజమును స్థాపించినవారిలో నొకరు, నాట్యము నేర్చినవారు. ఈ పాత్రకు ముందు ఆమెను సినిమాలోకము ఎరుగదు. ఆరేండ్లకు ఆమె తిరిగి మాటలు తక్కువైన యొక పాత్రలో ప్రవేశించెను. ఈ మారు అది నాటకము గాదు.

1975 జూన్ 25 రాత్రి దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. మరునాడు, పార్లమెంటు సంఘపు పనిమీద బెంగుళూరు వచ్చియున్న వాజపేయి, ఆద్వానీ, మధు దండవతే, శ్యామనందన మిశ్రగార్లను పట్టి మన సెంట్రలు జైలులో నుంచిరి. ఆంతరంగిక భద్రతా చట్టము, అనగా జనులు ‘మీసా’ యని పిలిచెడి చట్టము క్రింద విచారణ లేకయే మనుష్యులను నిర్బంధించిరి. అట్టివారు న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చునా యను ప్రశ్న సుప్రీముకోర్టునకు వెళ్ళినది. న్యాయమూర్తి ఖన్నాగారు ప్రభుత్వ న్యాయవాదిని సూటిగా నొక ప్రశ్న వేసిరి: పోలీసువాడు పగబట్టి నిరపరాధి ప్రాణము తీసినను ఈ కాలములో దిక్కులేదా? దిక్కులేదని ఆయన ఒప్పుకొనెను. 1976 ఏప్రిల్ 28 న తీర్పు వచ్చినది. ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు నిర్బంధితునకు కోర్టు తలుపు మూసిరి, ఖన్నాగారొక్కరే విభేదించిరి. మరుసటి జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి క్రిందివారికి పోగా ఆయన ఉద్యోగము విడిచిరి. ఆ తీర్పు తప్పని సుప్రీముకోర్టే ఒప్పుకొని కొట్టివేయుటకు నలుబదియొక్క యేండ్లు పట్టినది. 2017 నాటి ఆ వ్యాజ్యమును వేసినవారు మన బెంగుళూరువాసి, కర్ణాటక హైకోర్టున న్యాయమూర్తిగా చేసి విశ్రాంతి గైకొన్న కె. ఎస్. పుట్టస్వామిగారు. 2012 లో వ్యాజ్యము వేయునప్పటికి ఆయనకు ఎనుబదియైదేండ్లు దాటినవి. అరుగుమీద కూర్చుండు మాబోటి వృద్ధులు ఈ సంగతి గమనింపవలెను.

మన కథకు వత్తము. తీర్పు ఏప్రిల్ 28. నాలుగు దినముల పిమ్మట, మే 2 న, స్నేహలతారెడ్డిగారిని నిర్బంధించిరి. శాస్త్రమెటు తేలినదో చూచితిమి గదా. ఇక శవమెవరిదో తెలిసినది.

ఆ దంపతులు రామమనోహర లోహియాగారి శిష్యులు. అజ్ఞాతవాసములో నున్న జార్జి ఫెర్నాండెజుగారికి మిత్రులు. బరోడా డైనమైటు కుట్రలో ఆమెకు భాగమున్నదని అభియోగము. తుదకు కోర్టులో దాఖలైన అభియోగపత్రములో ఆమె పేరే లేదు; ఐనను మీసా చట్టము క్రింద ఆమెను విడువలేదు. పేలుడు పదార్థములతో ప్రజాస్వామ్యము నిలుచునను వాదము మాకెన్నడును సమ్మతము గాదు. ఆ మార్గమును మెచ్చుకొనుటకు ఈ వ్యాసము వ్రాయుటలేదు. కాని ఆమె దోషి యౌనో కాదో తేలవలసినది విచారణలో. ఆ విచారణయే జరుగలేదు. ఆమెకు ఉబ్బసవ్యాధి. కొట్టులో ఆ వ్యాధి ముదిరి, ఒకటికి రెండు మార్లు స్పృహ తప్పి ప్రాణాపాయస్థితికి వచ్చినది. రాత్రి నిశ్శబ్దములో ఆమె కేకలు తమ కొట్టువరకు వినబడెడివని, అదే జైలులో నున్న దండవతేగారు తరువాత తమ స్మృతులలో వ్రాసిరి. 1977 జనవరి 15 న పెరోలుమీద బయటికి పంపిరి. 18 న ప్రధానమంత్రి ఎన్నికలను ప్రకటించిరి. 20 న ఆమె మరణించెను. నలుబదియైదేండ్ల లోపల వయస్సు.

జైలులో ఆమె ఆంగ్లమున వ్రాసికొనిన చిన్న దినచర్యను ఆ సంవత్సరమే కర్ణాటకలోని మానవహక్కుల సంఘమువారు అచ్చువేసిరి. మా విమర్శ దానిని గూర్చి.

మొదట లోపములు చెప్పుదుము. ఇది పుస్తకము కావలెనని వ్రాసినది గాదు. ఖండఖండములుగా నుండును. ఎత్తుగడ లేదు, ముగింపు లేదు. కోపము వచ్చినచోట కోపము, ఊపిరి ఆడనిచోట వాక్యమును ఆడదు. సాహిత్యమని చేతబట్టినవానికి నిరాశయే. ఆమె మరణము తెలిసి చదువువాడు ప్రతి పంక్తియందును దుఃఖమును తానే కలుపుకొనును. అది గ్రంథమునకు చెందిన గుణము గాదు. అమరురాలని పూలదండ వేసి పక్కన పెట్టువారు ఈ పుస్తకమును చదువరని మా అనుమానము. దండ వేయుట సులభము.

ఇక గుణము. తెలుగులో చెరసాల పుట్టించిన వాఙ్మయము మనకు తక్కువ గాదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ని రాయవేలూరు జైలులో 1922 లో వ్రాసిరి, అందు కవి కన్ను గోడలు దాటి ఊరిని చూచినది. దాశరథిగారు నిజామాబాదు జైలు గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసిరని తెలుగువారందరెరుగుదురు. అది సుల్తానుమీద గర్జించిన గళము. అదే జైలులో వారితో నుండిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు ‘జైలు లోపల’ అను కథలలో ఊరిని, సుల్తానును విడిచి, ప్రక్కనున్న ఖైదీని చూచిరి. దొంగ యనియో హంతకుడనియో లోకము విడిచిన మనిషిని కూర్చుండబెట్టి అతని కథ విన్నారు. స్నేహలతగారి దినచర్య ఈ మూడవ తెగకు చెందినది. భాష వేరైనను చూపు అదియే.

ఎట్లనగా, రాజకీయ నిర్బంధితురాలు తన నిర్బంధమును గూర్చి వ్రాసికొనుట సహజము. అదే జైలునుండి వెలువడిన నాయకుల దినచర్యలలో దేశరాజకీయమునకే పెద్దపీట. ఈమె వ్రాతలో నిలిచిపోవునది ఇతర స్త్రీఖైదీల గతి. లోనికి రాగానే ఆడుదానిని అందరి యెదుట వివస్త్రను చేసి సోదా చేయు పద్ధతిని చూచి ఆమె మండిపడెను. శిక్ష విధించుటయే శిక్ష గదా, దేహమును అవమానించుట మరియొక శిక్ష యేల యని ఆమె ప్రశ్న. ఆ స్త్రీలను కొట్టుచుండగా అడ్డుపడి మాన్పించెను; వారి తిండి బాగుపడువరకు పట్టుబట్టెను. ఇంతమాత్రమైనను సాధింపగలిగితినని వ్రాసికొనెను. ఆ స్త్రీలలో పెక్కురు అత్యవసర పరిస్థితి యన నేమో ఎరుగరు. అది వచ్చినను పోయినను వారిని కొట్టువారు కొట్టుచునే యుందురు. ప్రజాస్వామ్యమును కాపాడుట యనగా ఢిల్లీలో నెవరు కూర్చుండవలెనను తగవు మాత్రమే యని తలంచువారికి ఈ పుటలు కొరుకుడుపడవు. 1928 లో మదరాసు వీథిలో తుపాకి యెదుట రొమ్ము చూపిన ప్రకాశం పంతులుగారిని మనము తలంచుకొనుచునే యుందుము, తలంచుకొనవలసినదే. కాని అచట జనసమూహము చూచుచున్నది. ఈ కొట్టులో ఎవరును చూచుటలేదు. ఒక వంట కుండను గూర్చి, ఒక బెత్తపు దెబ్బను గూర్చి, ఊపిరాడని మనిషి జైలువారితో తగవు పెట్టుకొనుచున్నది. చంద్రియే.

ఈ పుస్తకమును మేము ఇంట తెలుగులో చెప్పుచు చదివితిమి. మా ఇంటివారికి ఆంగ్లము రాదు. మూడు రాత్రులు పట్టినది. ఆమె నడుమ నడుమ కండ్లు తుడుచుకొనెను, కాని మాటలాడలేదు. మూడవ రాత్రి, దీపమార్పునపుడు, “ఏమండీ, ఆ తాళం వేసినవాడికి కూడా ఎవరో కాగితం రాసి ఇచ్చి ఉంటారు కదా?” అని యడిగెను.

ముప్పది నలుబదేండ్లు కాగితములతో బ్రతికినవానిని అడుగదగిన ప్రశ్నయే. నిర్బంధమునకొక ఆజ్ఞ, దాని కొనసాగింపునకొక ఆజ్ఞ, వైద్యము కావలెనను విన్నపమునకొక జవాబు, పెరోలునకొక ఆజ్ఞ. ప్రతి కాగితమును ఎవరో ఒక గుమాస్తా వ్రాసి, పైయధికారి సంతకమునకు పెట్టియుండవలెను. చేతివ్రాత కుదురుగా నుండియుండును.

మేము 1976 లో, మెట్రిక్కు గట్టెక్కిన పిమ్మట, పదునెనిమిదవ యేట ఒక కార్యాలయములో చిన్న గుమాస్తాగా చేరితిమి. దాని పేరిచట అనవసరము. చేరిన కొన్ని మాసములకు అచటి జవాను ఒకనిని రాత్రివేళ పోలీసువారు తీసికొనిపోయిరి, కార్మికసంఘములో తిరుగువాడట. అతని భార్య రెండు దినములు వరండాలో కూర్చుండి పోయినది. ఎక్కడ నున్నాడో కార్యాలయములో అందరకు తెలియును. జీతమాపుటకై అతనిమీద ‘అనుమతి లేక గైరుహాజరు’ అని నోటు పెట్టుమని ఆజ్ఞ యైనది. ఆ పని మా ప్రక్క బల్లమీది వృద్ధ గుమాస్తాకు వచ్చినది. నోరువాయి లేని మనిషి. ఎన్నడును ఏ సంఘములోను చేరినవాడు గాడు. పొడుముడబ్బి, గొడుగు తప్ప అతనికి వేరు ఆస్తి లేదని పరిహాసము చేసెడివారము. అతడు, ‘పోలీసువారు తీసికొనిపోయినందున హాజరు కాలేదు’ అని వ్రాసి పంపెను. కాగితము తిరిగి వచ్చినది. మరల అదే వ్రాసెను. మూడవ మారు కాగితము అతనికి రాలేదు, మాకు వచ్చినది. మేము చెప్పినట్లు వ్రాసితిమి. మా దస్తూరి ముత్యములవలె నుండునని ఆ దినములలో అందరును మెచ్చుకొనెడివారు.

అతనిని రికార్డు గదికి మార్చిరి. ఆ సంవత్సరపు ఇంక్రిమెంటును పోయినది. రెండేండ్లకు విశ్రాంతి గైకొనెను. ఆ రెండేండ్లును మేము అతనితో కలిసి కాఫీకి పోలేదు. చూచినవారేమనుకొందురో యని భయము. జవాను 1977 లో విడుదలయై తిరిగి పనిలో చేరెను. మమ్ము ఎన్నడును ఏమియు అడుగలేదు. ప్రతి దినము మా బల్లమీద మంచినీళ్ళు పెట్టెడివాడు.

మా ఇంటివారికి ఈ సంగతి ఆ రాత్రి మొదటి సారి చెప్పితిమి. ఆమె దీపమార్పి పండుకొనెను.

విమర్శవ్యాసములో స్వంత గోడు తగదని పండితులనవచ్చును. మేము మెట్రిక్కు చదివినవారము; శాస్త్రము తెలియదు. కాని ఈ దినచర్యను చదువుటకు మాకు తెలిసిన మార్గమిదియే. అందలి స్త్రీ పక్షమున నిలిచి కంటతడి పెట్టుట మాకు సాధ్యమే గాని, అది అబద్ధపు పఠనమగును. మేము ఆ గోడకు ఈవల నున్నవారము. ఈ పుస్తకములోని ధైర్యమునకు కొలత యేమనిన, ఆమె బాధ యెంత గొప్పదను మాట గాదు. మేము నిరాకరింపవలసియుండినది ఎంత చిన్నదను మాట. ఒక్క పంక్తి. ఆ పొడుముడబ్బి మనిషి చేసినది అంతియే. చంద్రికి కావలసినదియు ఒక బండి, కొన్ని కట్టెలు.

తరువాతి చరిత్రను గూర్చి ఒక మాట. 1977 మార్చి ఎన్నికలలో ఉత్తరదేశము ఆ ప్రభుత్వమును పడగొట్టినది. మన తెలుగుదేశము, మన కన్నడదేశము అట్లు చేయలేదు. ఆంధ్రప్రదేశములోని 42 స్థానములలో 41, కర్ణాటకములోని 28 లో 26 కాంగ్రెసునకే దక్కినవి. ఆంధ్రలో దక్కనిది నంద్యాల యొక్కటి. అచట గెలిచిన నీలం సంజీవరెడ్డిగారు ఆ సంవత్సరమే రాష్ట్రపతియైరి. మనవారికి వేరు కారణములుండవచ్చును. భూమి పట్టాలు, ఇండ్లస్థలములు, బియ్యము పేదవాని ఇంటికి వచ్చిన దినములవి యని మా తండ్రిగారు వాదించెడివారు; ఆ వాదములో బలము లేకపోలేదు. ఐనను స్నేహలతగారు మరణించి అప్పటికి రెండు మాసములు; ఆమె యుండిన రాష్ట్రము ఆ మాట మనసున పెట్టుకొని ఓటు వేసినట్లు కనబడదు. చీకటి తొలగగానే జనులందరును ఎదురు తిరిగిరని వ్రాయు వ్యాసములు ఈ లెక్కలను దాటవేయును. దాటవేయుట మాకిష్టము లేదు.

కడచిన మాసమున మనుమని వెంటబెట్టుకొని ఆ జైలు చూడబోయితిమి. ఖైదీలను పరప్పన అగ్రహారమునకు మార్చిన పిదప ఆ స్థలమును ఉద్యానముగా చేసి 2008 లో ‘ఫ్రీడమ్ పార్కు’ అని తెరచిరి. గరుడాచార్‌పాళ్యలో మెట్రో రైలెక్కితే మన వారికి దూరము గాదు. కావలిబురుజు, కొన్ని కొట్లు అట్లే యుంచిరి. 2021 నాటి ఆజ్ఞ ననుసరించి ఊరిలో ధర్నా చేయదలచినవారు ఇచటనే చేయవలెను. చెరసాలయుండిన చోటు తప్ప వేరొకచోట గొంతెత్తరాదనుట నవ్వవలసినదో ఏడ్వవలసినదో తెలియలేదు. మేము వెళ్ళిన దినమున కొందరు స్త్రీలు గుడారము క్రింద కూర్చుండి జీతములు పెంచుమని కన్నడములో నినాదములు చేయుచుండిరి. మనుమడు కొట్టులోనికి దూరి, ఊచలు పట్టుకొని, “తాతయ్యా, ఫోటో తీయండి” అన్నాడు. తీసితిమి. పిదప అతనికి చంద్రి కథ చెప్పితిమి. నగల సంగతి వచ్చుసరికి, “మరి ఆ నగలు చివరికి ఎవరు తీసుకున్నారు?” అని యడిగెను. పిల్లలు ముఖ్యమైనదానినే పట్టుదురు.

సంఘమువారికి మా విన్నపమొకటి. వార్షికోత్సవములో ప్రతి యేడు పౌరాణిక చిత్రమే ప్రదర్శించుట కంటె, ఈ మారు ‘సంస్కార’ చిత్రమును చూపింపుడు. నలుపు తెలుపు చిత్రము. నిడివి రెండు గంటలకు మించదు. మన పిల్లలకు కన్నడము మనకంటె బాగుగ వచ్చును. పఠాభిగారిని గూర్చి, స్నేహలతగారిని గూర్చి ముందుగా పది నిమిషములు చెప్పుటకు ఎవరైన ముందుకు వచ్చినచో మేము ప్రక్కన కూర్చుండి తేదీలు అందింతుము.

ఆ దినచర్య ప్రతి మా యొద్ద నొక్కటే యున్నది. ప్రస్తుతము ఎదురింటి కోడలు తీసికొనిపోయినది. పోవునపుడు వచ్చునపుడు కంపెనీ బస్సులో చదువుచున్నదట. తిరిగి యిచ్చినపిదప కావలసినవారు మా యింటికి వచ్చి తీసికొనిపోవచ్చును. తీసికొన్నవారి పేరు, తేదీ వ్రాసికొనుటకు ఒక పుస్తకము పెట్టితిమి.